ఇక్కడ చించండి

పెరుగన్నం పొట్లంతో ఇచ్చే ఊరగాయ ప్యాకెట్ మూల మీద బాణం గుర్తు వేసి ‘ఇక్కడ చించండి’ అని రాసి ఉంటుంది. తిరుపతి బస్టాండులో ‘పది నిమిషాల్లో దర్శనం’ అనే దళారీ మాట కూడా దాని ముందు సత్యవాక్కే.

శాస్త్రం మాత్రం స్పష్టంగా ఉంది. ఈ ప్యాకెట్‌కి వాడే పాలిథిన్ ప్లాస్టిక్ కరిగినప్పుడు అందులో పొడవాటి అణువుల గొలుసులు చిక్కుపడి ఉంటాయి. ఫ్యాక్టరీలో దాన్ని గొట్టంలా బయటికి తోసి, గాలి ఊది, రోలర్లతో పైకి లాగుతారు. గొలుసులు మళ్లీ ముడుచుకునేలోపే లాగేస్తే అవి లాగిన వైపుకే వరస కడతాయి. అలా వరస కట్టిన ద్రవం, కదలకుండా చల్లారే దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా స్ఫటికమవుతుంది. బాగా పొడవాటివి ముందు దారాలుగా గట్టిపడితే, మిగతావి వాటి మీద బిళ్లలు బిళ్లలుగా పేరుకుంటాయి. ఈ ఆకారానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు షిష్ కబాబ్, అంటే పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం ముక్కలు. కొండ కిందే ఉన్నాం కాబట్టి అనేశాను. ఇలా తయారైన కవరు సాధారణంగా ఎక్కువగా లాగిన వెంబడే సర్రున చిరుగుతుంది, అడ్డంగా పట్టుకుంటే సాగుతుంది. మన బాణం ఎటు చూపిస్తుందో మీకు తెలుసు.

చిత్తూరు బస్సు చూడండి. కాణిపాకం బయల్దేరిన పెద్దాయన ముందు గోళ్లతో మొదలుపెడతాడు. తర్వాత పళ్లతో. అవి కట్టుడు పళ్లు. ప్యాకెట్‌తో పాటు అవీ బయటికొస్తాయి. “ఇట్లియ్యండి మామా” అని కోడలు పిన్నీసు తీస్తుంది. వెనక సీటాయన “అడ్డం కాదు స్వామీ, నిలువు” అని సలహా పారేస్తాడు. బస్సు చంద్రగిరి దాటినా ప్యాకెట్ మాత్రం సాగుతూనే ఉంటుంది. చివరికి నలుగురూ కలిసి లాగితే ఫట్‌మని పేలి, ముందు సీట్లో గంధం పూసుకున్న కొత్త గుండు మీద ఊరగాయ అభిషేకం జరిగిపోతుంది. గుండు స్వామి తల తడుముకుని, వేలు నాకి, “మామిడా, నిమ్మా?” అంటాడు.

చించాకైనా పీడ వదలదు. పైన పాలిస్టర్, లోపల పాలిథిన్. కరిగించి మళ్లీ వాడదామంటే ఆ రెండూ కలవవు, చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. అందుకే చెత్త ఏరేవాళ్లు కూడా వాటిని ముట్టుకోరు.

ఊరగాయైతే నవ్వుకుంటాం. విరేచనాలతో నీరసించి, ఇంట్లో ఒంటరిగా పడున్న ముసలమ్మ చేతికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇచ్చి చూడండి. వంకరపోయిన వేళ్లతో ఆమె ఏం చించుతుంది? కవరును ఎటు లాగారో తయారుచేసినవాళ్లకి తెలీదా? తెలుసు. అంచున సరైన వైపు చిన్న గాటు పెట్టడానికి ఏం రోగం మీకు? పెట్టలేకపోతే ఆ బాణమైనా తీసేయండి. చేతకాని చేతులకి దారి చూపించి మరీ ఎగతాళి చెయ్యడం దేనికి?