కోపమొచ్చిన ఓటరుకు కరదీపిక

ఓటరు కడుపుమంట ఎవరికీ పట్టదని జనం తెగ నిష్ఠూరమాడుతుంటారు. ఇది అన్యాయం. ఆ మంట కోసం ఈ దేశంలో ప్రత్యేకంగా ఒక బటన్ ఉంది. దానికో గుర్తుంది. ఆ గుర్తును అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ చేత గీయించారు. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక వచ్చిన ఈ సదుపాయం పేరు నోటా, అంటే 'పై వారెవరూ వద్దు'. అంతకుముందు ఎవరూ నచ్చకపోతే ఆ సంగతి ప్రిసైడింగ్ అధికారికి చెప్పి, రిజిస్టర్‌లో రాయించి, సంతకం పెట్టి రావాలి. పక్కనే కూర్చున్న పార్టీ ఏజెంట్లు ఆ ముఖాన్ని శ్రద్ధగా గుర్తుపెట్టుకునేవారు. ఇప్పుడు ఆ బాధ లేదు, కోపం పూర్తిగా గోప్యం.

వాడే విధానం తేలిక. ఎడమచేతి చూపుడువేలికి సిరా పూయించుకోండి. కంట్రోల్ యూనిట్ దగ్గరి అధికారి బ్యాలెట్ బటన్ నొక్కగానే అట్టపెట్టె చాటునున్న యంత్రం మీద పచ్చదీపం వెలుగుతుంది. అభ్యర్థులందరినీ దాటుకుంటూ కిందికి రండి, అట్టడుగు నీలిబటన్ మీదే. నొక్కగానే ఎర్రదీపం, పక్కనే ఓటును చీటీ మీద అచ్చువేసి చూపే వీవీప్యాట్ యంత్రం కిటికీలో మీ చీటీ. అది ఏడు సెకన్లు కనబడుతుంది. ఆ ఏడు సెకన్లూ మీ ఆగ్రహాన్ని మీరే కళ్లారా చూసుకోవచ్చు. తర్వాత అది తెగి డబ్బాలో పడుతుంది, బీప్ మోగుతుంది, మీరు ఇంటికి వెళ్లవచ్చు.

లెక్కింపు రోజున మీ కోపాన్ని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, ఫలితాల పట్టికలో అంకెలతో సహా చూపిస్తారు. చెల్లుబాటయ్యే ఓట్లలో మాత్రం కలపరు. నియోజకవర్గమంతా నోటా నొక్కి, ఒక అభ్యర్థికి ఆయన ఇంట్లోవాళ్ల ఓట్లు నాలుగు పడి, మిగతావాళ్లకు అవీ పడకపోతే ఆ నాలుగు ఓట్ల మనిషే ప్రజాప్రతినిధి.

ఇక్కడే చాలామంది గమనించని ఉపకారం ఒకటుంది. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. లక్షన్నర ఓట్లు పడిన అసెంబ్లీ స్థానంలో అన్నీ చెల్లితే 25,000 దాటాలి. అందులో 30,000 మంది ఒళ్లుమండి నోటా నొక్కారనుకోండి, లెక్కలోకి వచ్చేవి లక్షా ఇరవై వేలే కాబట్టి 20,000 దాటితే చాలు. అంటే మీరు పళ్లు నూరుతూ నొక్కిన బటన్ పుణ్యమా అని, ఊరంతా ఛీ కొట్టిన పెద్దమనిషి పదివేల రూపాయల డిపాజిట్ భద్రంగా వెనక్కి పుచ్చుకుంటాడు. కోపం వృథా పోయిందని ఎవరు అనగలరు?

2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకున్నాడు. నోటాకు 2,18,674 ఓట్లు వచ్చాయి, రెండో స్థానం. మొదటి స్థానంలో ఉన్నాయన పది లక్షలకు పైగా మెజారిటీతో ఢిల్లీ వెళ్లాడు. అదే ఎన్నికల్లో సూరత్‌లో ఒక్కడే మిగలడంతో పోలింగే పెట్టలేదు. పోలింగ్ లేనిచోట బటన్ ఉండదు, బటన్ లేనిచోట అసంతృప్తి ఉండదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్, బీజేపీ రెండింటికీ విడివిడిగా నోటా కంటే తక్కువ ఓట్లే పడ్డాయి. అరకు లోక్‌సభ స్థానంలో నోటా నలభై ఏడు వేలు దాటింది. ఏజెన్సీలో చదువులేక ఏదో బటన్ నొక్కేశారని నాయకులు సర్దిచెబుతుంటారు. తమ బటన్ నొక్కినవాళ్లకు మాత్రం అక్షరజ్ఞానానికి లోటుండదు.

ఎన్నికల బహిష్కరణ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కనీసం ఇంత శాతం పోలవ్వాలన్న నిబంధన చట్టంలో ఎక్కడా లేదు. ఊరు ఊరంతా రాకపోతే సిబ్బంది సాయంత్రం దాకా కూర్చుని, సున్నా అని రాసి, సీలు వేసి వెళతారు.

కాస్తో కూస్తో పనిచేసిన దారి ఒకటుంది, మనమే నిలబడటం. 1996లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఒళ్లు వంకర్లు పోయిన నల్లగొండ జనం లోక్‌సభకు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది. పోలింగ్ వాయిదా పడింది, బ్యాలెట్ కాగితాన్ని పుస్తకంలా కుట్టాల్సివచ్చింది. తమిళనాడులోని మొడకురిచ్చిలోనూ ఆ ఏడాదే అసెంబ్లీకి వెయ్యిమందికి పైగా నిలబడ్డారు. సర్కారు చలించిపోయింది. అదే ఏడాది చట్టం సవరించి, లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచింది. ఇండిపెండెంటుకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలంది. నీళ్ల సమస్య కంటే నామినేషన్ల సమస్య ముందు తీరింది. ఇప్పుడు ఆ డిపాజిట్ 25,000.

అయినా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు తలా ఇంత వేసుకుని మళ్లీ నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి గనుక ప్రతి బూత్‌లో 12 యూనిట్లు బల్లల మీద వరసగా పేర్చారు. ఓటరు తన గుర్తు వెతుక్కుంటూ ఆ బల్లల వెంట నడిచాడు. అప్పుడు రైతులు అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైంది. దరఖాస్తు పరిశీలనకు ఆ మాత్రం వ్యవధి పట్టదా మరి!

మీకూ ఆ ఆలోచన ఉంటే ఓపిక కూడా ఉండాలి. 25 ఏళ్లు నిండాలి. నామినేషన్‌కు ఒకరోజు ముందైనా ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. పదిమంది ప్రతిపాదకులూ ఆ నియోజకవర్గం ఓటర్లే కావాలి. ఒక్కరి పేరు పక్క నియోజకవర్గం జాబితాలో తేలినా పరిశీలనలో పత్రం పోతుంది. ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. ఆస్తి లేకపోతే 'లేదు' అని రాయాలి, కేసులు లేకపోతే 'వర్తించదు' అని రాయాలి. మధ్యాహ్నం మూడు దాటాక గుమ్మం తొక్కితే ఎంత కోపంతో వచ్చినా లోపలికి రానివ్వరు.

ఓడిపోయాక అసలు పరీక్ష. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. టీ నీళ్లకు తప్ప పైసా ఖర్చుపెట్టకపోయినా సరే, ఆ టీ నీళ్లకు రశీదుతో సహా ఇవ్వాలి. లక్షల్లో ఖర్చుపెట్టేవాడికి ఆడిటర్ ఉంటాడు కాబట్టి మర్చిపోడు. మర్చిపోయేది పసుపు రైతే. లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత, అదీ ఉత్తర్వు వెలువడిన నాటి నుంచి. ఆ ఉత్తర్వు ఎప్పుడో ఏడాది రెండేళ్లకు నిదానంగా బయల్దేరిందంటే, సరిగ్గా వచ్చే ఎన్నికల వేళకు మీ గుమ్మంలోనే ఉంటుంది.