పేపర్లు అక్కర్లేదట, మూడేళ్లకే డాక్టరేటట!

మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ ఫార్వర్డు ఈ నెలలో ఇది నాలుగోసారి. "యూజీసీ రూల్స్ మారాయి. ఇంజనీరింగ్ పీహెచ్‌డీకి ఇక పేపర్లు అక్కర్లేదు. మూడేళ్లలో గ్యారంటీ. బీటెక్ చాలు. ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లోనే. 10 శాతం కాపీకి పర్మిషన్. వైవా ఉత్త ఫార్మాలిటీ." కింద ఒక ఫోన్ నంబరు. చిక్కేంటంటే, ఒక్కో ముక్కలో చిటికెడు నిజం కలిపి రాశారు, అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. నిన్న మా జూనియర్ ఫ్యాకల్టీ ఒకతను "మేడమ్, అడ్వాన్స్ కట్టేయమంటారా?" అని అడిగాడు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు పేపర్ల సంగతి. పీహెచ్‌డీలకు రూల్స్ పెట్టే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు రిఫరీడ్ జర్నల్‌లో, అంటే నిపుణులు పరిశీలించాకే అచ్చువేసే పత్రికలో, ఒక పేపర్ (పరిశోధనా వ్యాసం), కాన్ఫరెన్సుల్లో రెండు ప్రజెంటేషన్లు తప్పనిసరి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ షరతు లేదు. నిజమే. కానీ యూజీసీ తన వైపు నుంచి తప్పనిసరి అనడం మానింది, అంతే. యూనివర్సిటీలు అడగకూడదని ఎక్కడా అనలేదు. చాలా యూనివర్సిటీలు తమ సొంత రూల్ బుక్‌లో స్కోపస్, ఎస్‌సీఐ అనే పేరున్న జర్నళ్ల జాబితాల్లోని పేపర్లు ఇప్పటికీ అడుగుతున్నాయి. ఐఐటీలైతే వాటి సెనేట్ పెట్టుకున్న రూల్సే నడుస్తాయి. ఇంకోటి, 2022 నోటిఫికేషన్‌కు ముందు రిజిస్టర్ అయినవాళ్లకు పాత నిబంధనలే వర్తిస్తాయి కాబట్టి 2019లోనో 2020లోనో చేరి ఈ ఫార్వర్డు చూసి పండగ చేసుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. అసలు ఆ షరతు ఎందుకు తీశారో కూడా మనకు తెలియంది కాదు, డబ్బు కడితే వారంలో పేపర్ వేసే జర్నళ్లు ఎన్ని పుట్టుకొచ్చాయో చూశాం. వాటిని ఆపడానికి 2019లో కేర్ లిస్టు అని నమ్మదగిన జర్నళ్ల జాబితా ఒకటి పెట్టారు, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేశారు. షరతు ఉన్నా లేకపోయినా థీసిస్ చేతికొచ్చిన ఎగ్జామినర్ ముందు తిప్పేది చివరి పేజీల్లోని పబ్లికేషన్ల జాబితానే.

మూడేళ్లు అన్నది కోర్స్‌వర్క్‌తో (చదివి పాసవ్వాల్సిన సబ్జెక్టులతో) కలిపి కనీస గడువు. గరిష్ఠం ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండు, మహిళలకూ 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకూ ఇంకో రెండు, అంటే మొత్తం పదేళ్ల దాకా అవకాశం ఇచ్చారు. అందరూ మూడేళ్లలో ముగించేస్తుంటే పదేళ్ల లెక్క దేనికి రాస్తారు? నేను చేసింది కాంక్రీట్ మీద. క్యూబులు పోసి నీళ్లలో పెడితే 28 రోజులకు ఒక టెస్టు, 90 రోజులకు ఒకటి, 180కి ఒకటి, కొన్నిటికి ఏడాదికి. ఒక బ్యాచ్‌లో ఇసుక తేమ లెక్క తప్పి రిజల్ట్స్ ఎగుడుదిగుడుగా వస్తే మళ్లీ మొదటి నుంచి పోయాలి, మళ్లీ అన్ని రోజులూ ఆగాలి, క్యాలెండర్‌ను ఎవరూ తొందరపెట్టలేరు. ఈలోగా 12 క్రెడిట్లకు తగ్గకుండా కోర్స్‌వర్క్, అందులో 55 శాతం మార్కులు, ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు నిలబడి ఏం చేశామో చెప్పుకోవడం. పని నచ్చక వాళ్లు చెప్పిన మార్పులు మనం చేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకే సిఫార్సు చేయొచ్చు. నాకు ఐదేళ్ల ఏడు నెలలు పట్టింది, మా ల్యాబ్‌లో నేనే స్పీడు.

బీటెక్ చాలన్నది సగం నిజం. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే అర్హత వస్తుంది, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. అర్హతే వస్తుంది, సీటు రాదు. బీటెక్‌తో నేరుగా చేరినవాళ్లకు ఐఐటీల్లో కోర్సుల బరువు కూడా ఎక్కువే.

ఆన్‌లైన్ పీహెచ్‌డీ మాట చెప్పాల్సి రావడమే విచిత్రం. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కలిసి ప్రకటన ఇచ్చాయి. ఉద్యోగం చేస్తూ చేయాలంటే పార్ట్ టైమ్ ఉంది. దానికి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, రీసెర్చ్‌కు చాలినంత టైమ్ ఉంటుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు రిలీవ్ చేస్తామని అందులో రాసివ్వాలి.

10 శాతం కాపీ అన్నవాళ్లు యూజీసీ 2018 ప్లేజియరిజం (ఇతరుల రాతను సొంతంగా చూపడం) నిబంధనలు ఒక్కసారైనా తెరిచి చూశారా అని నా అనుమానం. 10 శాతం లోపు పోలిక కనిపిస్తే శిక్ష లేదన్నారు, అంతే. అది ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌కు మామూలు వాక్యం కూడా దొంగసొత్తులా కనబడుతుంది కాబట్టి. రిఫరెన్సులు, స్టాండర్డ్ ఈక్వేషన్లు ఎలాగూ లెక్కలోంచి తీసేస్తారు. 10 దాటి 40 లోపైతే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఒక్క పేరా ఎత్తుకొచ్చినా, శాతం ఎంత తక్కువున్నా, గైడ్ ముందు తలెత్తుకోలేం.

ఇక వైవా, అంటే ఎగ్జామినర్ ముందు మౌఖిక పరీక్ష. దానికంటే ముందు థీసిస్ గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్ల దగ్గరికి వెళ్తుంది. ఒకరు వద్దంటే ఇంకొకరికి పంపుతారు, ఆయనా వద్దంటే థీసిస్ తిరస్కరించినట్టే. ఈ తతంగమంతా ఆరు నెలల్లో ముగించాలని రూల్. నాకైతే పదకొండు నెలలు పట్టింది, రిపోర్టు వచ్చిందా అని సెక్షన్ చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. తీరా వైవా రోజున ఎగ్జామినర్ గారు 63వ పేజీలోని ఒక్క గ్రాఫ్ మీదే నలభై నిమిషాలు కూర్చోబెట్టారు, 90 రోజుల దగ్గర ఆ గీత ఎందుకు వంగిందో చెప్పమని. ఫార్మాలిటీ అట!

మా జూనియర్‌కు ఇవన్నీ చెప్పి, ఆ నంబరుకు ఫోన్ చేసి యూనివర్సిటీ ఏది, గైడ్ ఎవరు అని రెండే ప్రశ్నలు అడగమన్నాను. అడిగాడట. "ముందు అడ్వాన్స్ వేయండి సార్, గైడ్ సంగతి మేం చూసుకుంటాం" అన్నారట.