సవరణ: ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఎల్‌డీఎల్ లెక్క పనికిరాదు

కొలెస్ట్రాల్ రక్తపరీక్ష రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఇవ్వకపోతే మనమే లెక్క కట్టుకోవచ్చని గత పోస్టులో రాశాను: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లలో (రక్తంలోని మరో రకం కొవ్వు) అయిదో వంతునీ తీసేయడమే. ఏ రిపోర్టుకైనా ఇది సరిపోతుందన్నాను, అది తప్పు. 1972 నాటి ఈ ఫ్రీడ్‌వాల్డ్ సూత్రానికి లిపిడ్ పరీక్షల మార్గదర్శకాలు పెట్టిన హద్దు, ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు.

రక్తంలో ట్రైగ్లిజరైడ్లను మోసే వీఎల్‌డీఎల్ కణాల్లో ట్రైగ్లిజరైడ్లు, కొలెస్ట్రాల్ 5:1 పాళ్లలో ఉంటాయని ఆ సూత్రం అనుకుంటుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగితే కణంలో కొలెస్ట్రాల్ వాటా అంతకంటే తగ్గిపోతుంది. అయినా మనం అయిదో వంతు తీసేస్తాం కాబట్టి ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది.

మొత్తం 240, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 450 అనుకోండి. లెక్కలో ఎల్‌డీఎల్ 110 వస్తుంది. ఫర్వాలేదనిపించే అంకె, చిక్కంతా అక్కడే! 240లోంచి 40 తీస్తే వచ్చే నాన్-హెచ్‌డీఎల్ (హెచ్‌డీఎల్ కాని కొలెస్ట్రాల్ అంతా) మాత్రం 200. దానికి ట్రైగ్లిజరైడ్ల అంకెతో పనే లేదు, భోంచేసి వెళ్లినా పెద్దగా మారదు. దాని లక్ష్యం మామూలుగా ఎల్‌డీఎల్ లక్ష్యం కంటే 30 ఎక్కువ పెడతారు.

400 దాటితే 9-12 గంటలు ఏమీ తినకుండా మళ్లీ పరీక్ష చేయించుకోండి, లేదా ఎల్‌డీఎల్‌ను లెక్కతో కాకుండా నేరుగా కొలిచే డైరెక్ట్ ఎల్‌డీఎల్ పరీక్ష అడగండి. లెక్కలో ఎల్‌డీఎల్ 70 లోపు వచ్చి, ట్రైగ్లిజరైడ్లు 150 పైన ఉన్నా ఆ అంకెను నమ్మేయకండి. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వాడేవాళ్ల రిపోర్టుల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

తీపి, మద్యం తగ్గిస్తే ట్రైగ్లిజరైడ్లు దిగుతాయని గత పోస్టులో రాసిన భాగంలో మార్పేమీ లేదు.