తరువాతివాడు తెస్తాడు

దేశాన్ని ఒక్క తరంలో సంపన్నం చేయదలచిన పాలకులు దక్షిణ కొరియాలో ఇళ్లు అద్దెకిచ్చే పద్ధతిని తప్పక అధ్యయనం చేయాలి. 1962లో మొదటి పంచవర్ష ప్రణాళిక, 1973లో పోహాంగ్ ఉక్కు, ఆపై ఓడలు, కార్లు, చిప్‌లు... ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. కిటుకంతా జియోన్సే అనే ఆ అద్దె పద్ధతిలో ఉంది.

ఇంటి ధరలో 50 నుంచి 80 శాతం దాకా యజమాని చేతిలో పెట్టాలి. రెండేళ్లు అద్దె ఉండదు, గడువు తీరాక సొమ్మంతా వాపసు. బెంగళూరులో ఇల్లు లీజుకు తీసుకున్న మనవాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది. యజమాని ఆ డబ్బుకు కాస్త కలిపి ఇంకో ఫ్లాటు కొని దాన్నీ జియోన్సేకే ఇస్తాడు. మరి మొదటివాడి బాకీ? తరువాత దిగేవాడు తెస్తాడు. ఇంకాస్త ఎక్కువే తెస్తాడు.

2022లో వడ్డీలు పెరిగి ధరలు జారాయి. తరువాతివాడు తక్కువ తెచ్చాడు. వెయ్యికి పైగా ‘విల్లా’లున్న ఒకాయన ఆ అక్టోబరులో కన్నుమూస్తే, అద్దెదారులు డిపాజిట్ల కోసం దిక్కులు చూశారు. (అక్కడ విల్లా అంటే మూడు నాలుగంతస్తుల చిన్న ఫ్లాట్లు; పేరు చూసి అసూయపడనక్కర్లేదు.) చట్టమూ యజమానికి తగు సమయమిచ్చింది. చిరునామా నమోదు చేయించి, ఒప్పందంపై తేదీ ముద్ర కొట్టించుకున్నా అద్దెదారు హక్కు ఆ అర్ధరాత్రి దాటాకే మొదలు. మధ్యాహ్నమే ఇంటిని తాకట్టు పెడితే వరుసలో బ్యాంకు ముందు, మీరు వెనుక.

ఇంత చక్కటి సూత్రాన్ని ఇళ్లకే పరిమితం చేస్తే ఎలా? జాతీయ పింఛనుకూ అదే వర్తింపజేశారు: ఇప్పటివాళ్లకు హామీ, చెల్లింపు రేపటివాళ్లది. జీతంలో 9 శాతంగా ఉన్న చందాను 2026 నుంచి ఏటా అర శాతం చొప్పున 13కు తీసుకెళ్తున్నారు. పెంచిన చందా కట్టాల్సినవాళ్లు మాత్రం పుట్టడం మానేశారు. 2023లో సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 0.72. 2024లో 0.75కు చేరితే అధికారులు ఊపిరి పీల్చుకున్నారు. జియోన్సే డిపాజిట్‌కు చేసిన అప్పు, ఆపై హాగ్వాన్ల (ప్రైవేటు కోచింగ్ సెంటర్ల) ఫీజులు లెక్కేసుకున్న దంపతులు ఉయ్యాల కొనడం వాయిదా వేస్తున్నారు. సియోల్‌లో రాత్రి 10 తర్వాత హాగ్వాన్లు నడపకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే పిల్లల దినచర్య ఊహించుకోవచ్చు.

కుటుంబ నియంత్రణలోనూ కొరియా అనుకున్నది సాధించింది. 1983 నాటికే సంతాన సాఫల్య రేటు, జనాభా తగ్గకుండా నిలవడానికి కావలసిన 2.1 కంటే దిగువకు పడ్డా, లక్ష్యం చేరామని గమనించి జనాభా నియంత్రణ విధానాన్ని మార్చింది 1996లో. పదమూడేళ్లు! ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి షరతును ఆంధ్రప్రదేశ్ ఎత్తేసింది 2024లో. వేగంలో కొరియాను అందుకోవడం మనవల్ల కాదు.