రంపపు పళ్ళ గ్రాఫు గారికి

మహారాజశ్రీ స్ప్రెడ్‌షీట్ గ్రాఫు గారికి,

ఉభయకుశలోపరి. ‘ఉభయ’ అన్నది మర్యాదకే. నిన్నటి క్లాసు తర్వాత నా వైపు కుశలం అంతంతమాత్రం.

ఇంటర్ పిల్లలకు సైన్ తరంగం చూపిద్దామని ప్రొజెక్టర్ పెట్టించాను. సముద్రపు అలలా ఉంటుందని ముందే ఊరించాను కూడా. ఒక నిలువు వరుసలో 0, 10, 20 అంటూ 360 దాకా డిగ్రీలు నింపి, పక్క గడిలో సైన్ సూత్రం కొట్టి కిందికి లాగాను. తెర మీద వడ్రంగి రంపం ప్రత్యక్షమైంది. “అల ఎక్కడ సార్?” అంది వెనక బెంచీ.

నేను 30 డిగ్రీలు అనుకుంటే మీరు 30 రేడియన్లు అనుకున్నారట. రేడియన్ కోణానికి మరో కొలత, ఒక్కోటి సుమారు 57 డిగ్రీలు. 0.5 రావలసిన చోట మైనస్ 0.988 పెట్టారు. పది రేడియన్లంటే చుట్టున్నర పైమాటే. అంతంత దూరాన ఒక్కో చుక్క పెట్టి కలిపితే అల ఎలా వస్తుంది? ఒక్కమాట అడగవచ్చు కదా! గడిలో 3-4 అని కొడితే అడగకుండానే తారీఖు చేసేస్తారు, ఇక్కడ మాత్రం నోరు మెదపరు.

సరే, రేడియన్లలోకి మార్చాను. బద్ధకించి 60 డిగ్రీలకొకటి చొప్పున ఇచ్చాను. 60 దగ్గర 0.866, 120 దగ్గరా 0.866. రెండింటినీ స్కేలు పెట్టి కలిపేశారు. 90 దగ్గర 1ని తాకవలసిన శిఖరం పోయి, డాబా కప్పు తేలింది. ఆ మధ్యలో ఏముందో మీకు తెలియదు. తెలియదన్న తడబాటైనా గీతలో లేదు. అంత ధీమా నేను దారి తెలియకుండా దారి చెప్పేవాళ్ళలోనే చూశాను.

టాన్ సంగతి సరేసరి. 85 డిగ్రీల దగ్గర పైన 11.43, 95 దగ్గర కింద మైనస్ 11.43. నడుమ 90 దగ్గర టాన్‌కు విలువే లేదు. అయినా రెండింటినీ కలిపి, లేని గోడ కట్టారు. గీతను నునుపు చేసే మీటా ఉంది మీ దగ్గర. అది నొక్కితే మాడ్యులస్ ఎక్స్‌కు, అంటే మైనస్ గుర్తు తీసేసిన ఎక్స్‌కు, సున్నా దగ్గర ఉండవలసిన మొన కూడా అరిగిపోయింది.

కోపం చల్లారాక ఒకటి గుర్తొచ్చింది. 499 నాటి ఆర్యభటుడి జ్యా (మన సైన్‌కు ఆనాటి రూపం) పట్టికలో 90 డిగ్రీలకు 24 విలువలు, 3.75 డిగ్రీలకొకటి. అన్నీ చేత్తో కట్టిన లెక్కలు. అదే పావుభాగానికి నేను మీకిచ్చినవి సున్నాతో కలిపి రెండు. ఈ సంగతి పిల్లలకు చెప్పలేదు.

రేపు డిగ్రీకొకటి చొప్పున 361 గడులు పంపుతున్నాను. వాటిలో దేన్నీ తారీఖు చేయవద్దని మనవి.

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు