ఒక్క రూపాయి పని లేదు

ముప్పై ఐదేళ్ళలో ఆరు కార్లు కొన్నాను. ఆరూ పాతవే. కొత్త కారు తలుపు తియ్యగానే వచ్చే వాసన మా తమ్ముడి కారులో ఒకసారి పీల్చాను గానీ, అది పరాయి సొమ్ము. అంచేత పాత కార్ల గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందని నమ్ముతున్నాను. ఈ విద్య కోసం నాకన్నా ఎక్కువ ఫీజు కట్టినవాళ్ళు మా బరంపురంలో ఉంటే ముందుకు రావచ్చు, కుర్చీ ఖాళీ చేస్తాను.

ముందు ఒక అపోహ తొలగించాలి. డబ్బులేనివాడు పాత కారు కొంటాడని లోకం అనుకుంటుంది. తప్పు. డబ్బులేనివాడు కొత్తది కొంటాడు, బ్యాంకు ఇస్తుంది. పాతది కొనాలంటే చేతిలో రొక్కం ఉండాలి. కొన్న మర్నాడు ఇంకాస్త ఉండాలి. ఆ తర్వాత ప్రతి అమావాస్యకీ, పున్నానికీ ఉండాలి. ఒడిశాలో బడిపిల్లలకి తెలుగు చెప్పుకునే మాస్టారికి అంత డబ్బు ఎక్కడిదని మీరు అడగొచ్చు. మా ఆవిడ కూడా అదే అడుగుతూ ఉంటుంది.

మా ఊరివాళ్ళకి పాత బండి అంటే ఉన్న మమకారానికి చారిత్రక కారణం ఉంది. మేమూ చేతులు మారిన సరుకే. 1936 ఏప్రిల్ 1న మా గంజాం జిల్లాని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తీసి, కొత్తగా పుట్టిన ఒరిస్సాలో కలిపారు. తేదీ చూసి నవ్వకండి, ఆ రోజు ఇక్కడ ఉత్కళ దినోత్సవం, సెలవు. పర్లాకిమిడి జమీందారీనైతే విడగొట్టి పంచారు. ఊరూ కోటా ఇటు వచ్చాయి, బోలెడు పల్లెలు అటే ఉండిపోయాయి. బాడీ ఒకరికి, పార్టులు ఒకరికి అన్నమాట. మా తాత ఇల్లు మారలేదు, అరుగు మారలేదు, ఓనరు మాత్రం మారాడు. వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదనే ఎన్‌వోసీ ఎవరూ అడగలేదు, దానికోసం ఫారం 28 ఎవరూ నింపలేదు. అయినా బండి ఇప్పటికీ నడుస్తోంది. కాస్త శబ్దం వస్తుంది, అంతే. ఆ శబ్దాన్నే మేం తెలుగు అంటాం.

ఇక అసలు విషయం. పాత కారు కొనేటప్పుడు మొదట నేర్చుకోవలసింది డ్రైవింగు కాదు, బ్రోకరు భాష. అది తెలుగూ కాదు, ఒడియా కాదు. 'డాక్టరు గారు వాడిన బండి' అంటాడు. మాది 1962 నుంచి మెడికల్ కాలేజీ ఉన్న ఊరు కాబట్టి అబద్ధమని కొట్టిపారెయ్యలేం. కానీ ఇన్నేళ్ళలో నాకు చూపించిన బండ్ల లెక్క వేస్తే ఒక్కో డాక్టరుకి పాతిక కార్లు పడాలి. రోగుల్ని ఎప్పుడు చూసేవారో పాపం. 'లేడీ డాక్టరు' అంటే ఇంకో పదివేలు ఎక్కువ. 'షోరూం కండిషన్' అంటాడు, ఏ షోరూమో చెప్పడు. చివరిగా బానెట్ మీద అరచేత్తో రెండు తట్టి, 'ఒక్క రూపాయి పని లేదు మాస్టారూ' అంటాడు. ఇది మాత్రం అక్షరాలా నిజం. ఒక్క రూపాయితో అయిపోయే పని ఆ బండిలో ఎక్కడా ఉండదు.

నా మొదటి కారు అంబాసిడర్, మార్క్ 3. పర్లాకిమిడి వైపు రైసు మిల్లు ఆసామి దగ్గర కొన్నాను. నా చేతికొచ్చేసరికి దానికి పదమూడేళ్ళు, ముగ్గురు ఓనర్లు. వెనక సీటు కింద రెండు గుప్పెళ్ళ ధాన్యం దొరికింది, దాన్ని ఫ్రీ కింద జమ కట్టుకున్నాను. కొన్న రెండో నెలలో మోహనాలో పెళ్ళికి బయల్దేరాం. పెద్దవాళ్ళం ఏడుగురం, పిల్లలు ముగ్గురు, అరటిపళ్ళ గెల ఒకటి. అంబాసిడర్‌కి అది బరువని ఆ రోజుల్లో ఎవరూ అనుకునేవారు కాదు. దిగపహండి దాటి ఘాటీ ఎక్కుతుండగా బానెట్ అంచుల్లోంచి ఆవిరి రావడం మొదలైంది. ఆ ఘాటీ పేరు తప్తపాని. అక్కడ వేడినీళ్ళ ఊట ఉంది, ఆ పేరుకి అర్థమే అది. మేమూ మా వంతు కలిపాం.

రేడియేటరుకి చిల్లు. కొత్తది కాదు, ఎవరో ఎప్పుడో అతికించి, ఇంకెవరి నెత్తినో పడుతుందిలే అని వదిలేసినది. ఆ నెత్తి నాది. అరగంట నిలబడ్డాక ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, వంగి చూసి, నాతో మాట్లాడకుండా నేరుగా మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, 'అమ్మా, పసుపుందా?' అన్నాడు. పెళ్ళికి తీసుకెళ్తున్న పసుపు కుంకుమల పళ్ళెం ఆవిడ ఒళ్ళోనే ఉంది. ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను ఘాటీ వైపు చూశాను.

ఇంజను చల్లారేదాకా అతను బీడీ కాల్చాడు. తర్వాత తడిగుడ్డతో రేడియేటరు మూత తిప్పి, దోసిలి నిండా పసుపు ఒంపి, మీద నీళ్ళు పోశాడు. ఆ పొడి నీళ్ళలో నాని, నీళ్ళతోపాటే చిల్లు దగ్గరికి పోయి, అక్కడ పేరుకుని బిరడాలా పడుతుందట. నిజంగానే పట్టింది. కాసేపు సన్నగా పచ్చటి ధార కారింది, తర్వాత చుక్కలు, తర్వాత అవీ ఆగాయి. అతను డబ్బు తీసుకోలేదు. రెండు అరటిపళ్ళు తీసుకున్నాడు. పెళ్ళికి వెళ్ళేసరికి కారు గ్రిల్లంతా పసుపుమయం. ఆడపెళ్ళివారు చూసి, శుభకార్యానికి బండిని కూడా ఎంత పద్ధతిగా తయారుచేశారో అని మెచ్చుకున్నారు. మేం ఖండించలేదు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా మా ఇంట ఏ కారు ఉన్నా దాని డాష్‌బోర్డులో పసుపు పొట్లం ఒకటి ఉంటుంది. కారు మారినప్పుడు పొట్లమూ మారుతుంది.

రెండోది పద్మిని. అందరం ఫియట్ అనేవాళ్ళం. దాని గురించి ఒక్కటే చెబుతాను. దానికి సెల్ఫు పట్టాలంటే కొత్త బ్యాటరీ వెయ్యాలి, నేను వెయ్యలేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఏటవాలుగా ఉన్న వీధిలోకి మారాం. బ్యాటరీ కన్నా అదే చౌక పడింది.

మూడోది మారుతి 800, 2001లో శ్రీకాకుళంలో కొన్నాను. నంబరు ఏపీ 30. సరిహద్దు మనిషికి ఇక్కడే అసలు చదువు మొదలవుతుంది. పన్నెండు నెలలు దాటి బండి వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నంబరు వేయించాలని 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతుంది. అంటే అక్కడి నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ రోడ్డు పన్ను మళ్ళీ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి ఇమ్మని అర్జీ పెట్టుకోవాలి. నేను మాత్రం పదకొండో నెల దాకా నిద్రపోయాను. లేచాక చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తియ్యమన్నారు. గోపాలపురం ఉప్పుగాలి అప్పటికే ఆ నంబరులో సగం తినేసింది. ఒక అంకె మూడో ఎనిమిదో తేలలేదు. ముప్పై మంది పిల్లల చేతిరాతలు దిద్దిన కళ్ళు ఇవి, ఇనుము రాత మాత్రం అందలేదు. మా ఆవిడ చింతపండుతో తోమింది. ఎనిమిది.

ఇంకో చిక్కు. ఆ కారుకి అరసవల్లిలో పూజ అయింది. అద్దానికి ఎండి నల్లబడ్డ నిమ్మకాయలు కూడా ఉన్నాయి. ఇటు తారాతారిణి అమ్మవారి కొండకి తీసుకెళ్ళి మళ్ళీ పూజ చేయించాలా, పాతది చెల్లుతుందా? ఇంజనుకి ఎన్‌వోసీ ఉంది, నిమ్మకాయకి లేదు. చట్టం ఈ విషయంలో ఏమీ చెప్పదు. మేం రెండుచోట్లా కొబ్బరికాయ కొట్టాం, పన్ను రెండుసార్లు కట్టినవాళ్ళకి అదో లెక్కా?

నంబరు ప్లేటు ఏది ఉంటే నా మాతృభాష అది. ఏపీ 30 ఉన్నన్నాళ్ళూ బరంపురం పోలీసు నన్ను ఆపి తెలుగులో, 'ఎక్కడ్నుంచి వస్తున్నారండీ?' అనేవాడు. నేను పుట్టిన వీధి అతను నిలబడ్డ చోటికి మూడు ఫర్లాంగులు. ఇక్కడి నంబరు ఓఆర్ 07 వేయించాక ఇచ్ఛాపురం టీకొట్టు దగ్గర ఆపితే, ఆ కొట్టాయన ప్లేటు చూసి, 'కేతే కప్?' అని ఒడియాలో అడిగాడు, ఎన్ని కప్పులని. 'రెండు ఇవ్వండి, పంచదార తక్కువ' అన్నాను. ఆయన గ్లాసు పట్టుకుని అలా ఉండిపోయాడు. 'మీ తెలుగు చాలా బాగుందండీ, ఎక్కడ నేర్చుకున్నారు?' అన్నాడు. పాతికేళ్ళు నేర్పించానని చెప్పలేక, 'ఏదో అలా వచ్చేసింది' అన్నాను. పెట్రోలు మాత్రం ఎవరి ప్లేటూ చూడదు. ఆంధ్రా కంటే ఇటు చౌక కాబట్టి వాళ్ళే ఇటొచ్చి కొట్టించుకుని పోతారు.

ఆ మారుతిని ఫైలిన్ తుపాను పలకరించింది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురం దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే వీధిలో ఉన్న మునగ చెట్టు పక్కింటాయన కొత్త కారు మీదా, నా పాత కారు మీదా సమంగా పడుకుని ఉంది. ఆయన కారు కోసం బీమా సర్వేయరు వచ్చాడు. నాది సొంత బండికి పైసా రాని థర్డ్ పార్టీ బీమా అయినా మర్యాదకి నా బండి చుట్టూ కూడా ఒకసారి తిరిగాడు. తిరిగి, 'సార్, ఇందులో తుపాను సొట్టలు ఏవి, మీ సొట్టలు ఏవి?' అని అడిగాడు. నిజాయితీగా వెతికాను. తేల్చలేకపోయాను. పక్కింటాయన మూడు రోజులు అన్నం తినలేదు. నేను మధ్యాహ్నానికే బజారుకెళ్ళి వచ్చాను.

నాలుగోదాని గురించి మాట్లాడను. ఇంట్లో కూడా మాట్లాడం.

అయిదోది నానో. 2008లో లక్ష రూపాయల కారని దేశమంతా చెప్పుకున్న బండి. ఇంజను వెనక ఉంటుంది, పెట్రోలు పోసే మూతా స్టెప్నీ ముందుంటాయి. ఒకసారి పెట్రోలు చూసుకోకుండా బయల్దేరి పల్లెలో ఆగిపోయాను, తప్పు నాదే. ట్రాక్టర్లు బాగుచేసే కుర్రాడు సీసాతో పెట్రోలు తెచ్చాడు. పొయ్యడానికి నేను ముందు బానెట్ ఎత్తాను. వాడు తొంగిచూసి, సీసా కింద పెట్టి, చాలా జాలిగా, 'మాస్టారూ, ఇంజను ఎవరో పట్టుకుపోయారు' అన్నాడు. బండి నడిచే ఇక్కడిదాకా వచ్చిందిరా అంటే నమ్మలేదు. పాత బండి కొన్నవాళ్ళు ఏమైనా చెబుతారని వాడికి తెలుసు.

2024 డిసెంబరులో జీఎస్టీ మండలి పాత కార్ల మీద పన్ను 18 శాతం చేసినప్పుడు మా ఆవిడ కంగారు పడింది. నేను విడమరిచి చెప్పాను. అది రిజిస్టరైన డీలర్లకి, అదీ కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య లాభం మీదే. నా బండ్లన్నిటికీ ఆ రెండు ధరల మధ్య తేడా ఘనంగానే ఉంది, దిక్కే వేరు. నాలాంటి వ్యాపారులే ఉంటే ఆ మండలికి టీ ఖర్చు కూడా రాదు.

ఆరోది ఇప్పుడున్నది. తెల్లటి చిన్న కారు. కంపెనీ పేరు చెప్పను, అమ్మకానికి ఉంది. గుమ్మం ముందే ఉంటుంది, కళ్ళు ఇదివరకులా లేవు కాబట్టి నేనూ ఎక్కువ తియ్యడం లేదు. పోయిన ఆదివారం పలాస నుంచి జీడిపప్పు వ్యాపారం చేసుకునే కుర్రాడు చూడటానికి వచ్చాడు. అటు తీసుకెళ్తే ఇప్పుడు జిల్లా నంబరు కూడా రాదు, 2019లోనే రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే వరస మొదలుపెట్టారు. చుట్టూ తిరిగాడు. టైర్లు తన్నాడు. స్టార్ట్ చేసి చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత ఎడమ పక్క కూర్చుని డాష్‌బోర్డు తెరిచాడు. లోపల ఆర్సీ కాపీ, బీమా కాగితం, పసుపు పొట్లం. పొట్లం సగానికి దిగింది. పోయిన వేసవిలో రెండు చెంచాలు ఖర్చయ్యాయి, ఎక్కడ అని అడక్కండి.

'ఇదేంటి మాస్టారూ?' అన్నాడు.

మా ఆవిడ గుమ్మంలోంచి నా వైపు చూసింది.

'పూజదమ్మా' అన్నాను.

ఆ కుర్రాడు చెప్పులు విప్పి, పొట్లాన్ని కళ్ళకద్దుకుని, మళ్ళీ అక్కడే జాగ్రత్తగా పెట్టేశాడు.