మళ్లీ అదే 'టక్'

తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. పడవ ఇంజిన్‌లో ఉలుకూ పలుకూ లేదు. మీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు, నిక్షేపంగా ఉంది. అయినా చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "బ్యాటరీ పోయింది, మార్చెయ్." పోయినసారి అలాగే మార్చాను కదా! కొత్తదీ 'టక్' అనే అంది.

ఈసారి మొండికేసి, ఒకరిని తాళం తిప్పమని, తిప్పుతుండగానే కొలిచాను. బ్యాటరీ దగ్గర 11 దాకా ఉంది, ఇంజిన్‌ని తిప్పే మోటారు, అదే స్టార్టర్, దాని దగ్గరికి వచ్చేసరికి 7. మధ్యలో 4 వోల్టులు ఎవరు మింగినట్టు? నెగటివ్ కేబుల్ విప్పి చూద్దును కదా, పైన నల్లటి తొడుగు నిగనిగలాడుతోంది. లోపల రాగి తీగలు చిలుము పట్టి, వేలితో నలిపితే పచ్చటి పొడి రాలుతోంది. అంతా ఉప్పునీటి పుణ్యం. కుళ్లిన కొస కోసేసి కొత్త లగ్ (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) బిగిస్తే ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

(గేర్ న్యూట్రల్‌లో లేకే ఇంజిన్ కదలడం లేదని తెలియక అరగంట తిట్టుకున్న రోజు సంగతి అడక్కండి.)

కారు మొరాయిస్తే కనీసం దిగి తోయొచ్చు. నీళ్ల మధ్యలో దీన్ని ఎక్కడ నిలబడి తొయ్యను? ఆ పాత బ్యాటరీ బాగానే ఉండి ఉంటుంది. పాత సామాన్లకి వేసేశాను!